నీళ్లలో మాయమైన రాయి వజ్రం కాదు

ప్రశ్న: సార్, మాది పత్తికొండ దగ్గర పల్లె. తొలకరి పడినాక మా తమ్ముడు, నేను జొన్నగిరి దిక్కు పోయి మూడు రాళ్లు ఏరుకొచ్చినాం. ఒకటి తెల్లగా, మూలలు తేలి బాగా మెరుస్తుంది. ఇంకొకటి పసుపు చాయ. మూడోది శెనక్కాయ విత్తనమంత ఉంది, మసక మసకగా, జిడ్డు రాసినట్టు ఉంటుంది. గ్లాసు నీళ్లలో వేస్తే మెరిసే రాయి కనపడకుండా పోయింది. నీళ్లలో కలిసిపోతే వజ్రమే అని ఊర్లో అందరూ అంటాండారు. ఒకాయన మూడూ కలిపి ఇరవై వేలకు అడుగుతాండాడు. నీళ్ల పరీక్ష నిజమేనా? ఇంట్లోనే తేల్చుకునే దారి ఏమన్నా ఉందా?

సమాధానం: నీళ్ల పరీక్ష నిజమే, కానీ ఊర్లో దాన్ని తలకిందులుగా చెబుతున్నారు. నీళ్లలో మాయమైన రాయి వజ్రం కాదు. ఎంత ముంచినా ఎక్కడిదక్కడ కనబడుతూ ఉండేదే వజ్రం అయ్యే అవకాశం ఉన్న రాయి. కాబట్టి మీరు మెచ్చిన మొదటి రాయిని పక్కన పెట్టి, మూడోదాన్ని జాగ్రత్తగా చూసుకోండి. అప్పటిదాకా మూడూ కలిపి ఎవరికీ ఇవ్వొద్దు.

ఎందుకో చెప్పాలంటే, రంగు లేని రాయి అసలు మన కంటికి ఎలా ఆనుతుందో చూడాలి. దానికి సొంత రంగు లేదు, వెలుగును మింగదు. కనబడేదల్లా అంచుల దగ్గర జరిగే పని. గాలిలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోయే వెలుగు, నీళ్లలోకి దిగితే 2.25 లక్షలకు, పలుగురాయిలో 1.94 లక్షలకు, వజ్రంలో 1.24 లక్షలకు పడిపోతుంది. వేగం మారే ఆ గీత దగ్గరే వెలుగు వంగుతుంది. తారురోడ్డు మీద పోయే బండి ఏటవాలుగా రేగడి చేలోకి దిగితే, ముందు దిగిన చక్రం తగ్గి బండి అటు లాగినట్టు. అదే గీత దగ్గర కొంత వెలుగు వెనక్కి తిరిగి కూడా వస్తుంది. ఆ వంపు, ఆ తిరుగు వెలుగు రెండూ కలిసే మన కంటికి 'రాయి'. రాతిలోనూ దాని చుట్టూ ఉన్న ద్రవంలోనూ వేగం ఒకటే అయితే వెలుగుకు అక్కడ గీతే లేదు. వంగదు, తిరిగి రాదు. రాయి అక్కడే ఉంటుంది, కంటికి మాత్రం ఉండదు.

గాలిలో వేగం పదార్థంలో వేగానికి ఎన్ని రెట్లో చెప్పే అంకెను బడి పుస్తకాల్లో వక్రీభవన గుణకం అంటారు. నీటికి 1.33, మామూలు గాజుకు 1.52, పలుగురాయికి 1.54 నుంచి 1.55, పుష్యరాగానికి (టోపాజ్) సుమారు 1.62, కురువిందానికి (కెంపు, నీలం జాతి రాయి) 1.76, వజ్రానికి 2.42. ఈ వరుసలో వజ్రం ఎంత దూరంగా నిలబడిందో చూడండి. నీటికీ పలుగుకూ తేడా 0.21 మాత్రమే, నీటికీ వజ్రానికీ 1.09.

నిట్టనిలువుగా పడిన వెలుగులో ఎంత వెనక్కి వస్తుందో ఈ అంకెలతో లెక్క కట్టొచ్చు. రెండు గుణకాల తేడాను వాటి మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేయాలి. గాలిలో పలుగు నూటికి 4.6 పాళ్లు తిప్పికొడుతుంది, నీళ్లలో ముంచితే అది 0.5కు పడిపోతుంది. ఎనిమిది తొమ్మిది రెట్లు తగ్గినట్టు. గ్లాసు వంపు, నీటి కదలిక కూడా తోడైతే 'కనపడకుండా పోయింది' అనిపించడంలో వింత లేదు. మీ మొదటి రాయికి జరిగింది ఇదే. వజ్రం మాత్రం గాలిలో 17 పాళ్లు, నీళ్లలో మునిగినా 8 పాళ్లు తిప్పికొడుతుంది. అంటే నీళ్లలో ఉన్న వజ్రం, గాలిలో ఉన్న పలుగురాయి కన్నా గట్టిగా కనబడాలి.

నీళ్లతో తేడా తెలుస్తుంది కానీ తేల్చి చెప్పడం కష్టం. అందుకు లవంగ నూనె కావాలి. పంటి నొప్పికి మెడికల్ షాపుల్లో అమ్మే చిన్న సీసా చాలు. దాని గుణకం 1.53 దగ్గర ఉంటుంది, గాజుకూ పలుగుకూ నడుమన పడుతుంది. పొలాల్లో దొరికే తెల్ల రాళ్లలో ఎక్కువ భాగం ఈ రెండే కాబట్టి ఇంతకన్నా అనువైన నూనె లేదు. వంట నూనెలు దీనికి పనికిరావు. శెనక్కాయ నూనె 1.47 దగ్గర ఆగిపోతుంది, అందులో పలుగు కొంచెం కనబడుతూనే ఉంటుంది. శెనక్కాయ నూనెలో మాయమయ్యేది పటిక, దాని గుణకం 1.456. పిల్లలకు చూపించాలనుకుంటే స్వచ్ఛమైన పటిక ముక్క ఆ నూనెలో వేయండి, గాలి బుడగలు ఉన్న చోట్ల తప్ప అంచులు దాదాపు కనబడవు.

సీసా తెచ్చాక ముందు నూనెను పరీక్షించండి, రాయిని తర్వాత. షాపుల్లో దొరికేదాంట్లో వేరే నూనె కలిపి పలచన చేసినవీ ఉంటాయి. కల్లుప్పులోంచి వీలైనంత తేటగా ఉన్న గడ్డ ఒకటి ఏరండి. ఉప్పు గుణకం 1.544, అచ్చం పలుగు లెక్కే. లవంగ నూనెలో ఉప్పు కరగదు. నూనె అసలైనదైతే ఉప్పుగడ్డ మూలలు, అంచులు కరిగిపోయినట్టు అయి, లోపలున్న తెల్లటి మబ్బు మాత్రం గాల్లో తేలినట్టు కనబడుతుంది. అంచులు కొట్టొచ్చినట్టు కనబడుతుంటే నూనె కల్తీది, ఇంకో సీసా చూసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీల్లో ఈ పని పెట్టుకోకండి. వేడికి నూనె గుణకం డిగ్రీకి 0.0004 లేదా 0.0005 చొప్పున తగ్గుతుంది. ఇరవై డిగ్రీలు పెరిగితే 1.53 కాస్తా 1.52 అయి, పలుగు అంచు మళ్లీ తేలుతుంది.

ఇక రాయి. గోరువెచ్చని నీళ్లలో సబ్బు పొడి వేసి పాత పళ్ల బ్రష్‌తో తోమండి. ఎర్రమట్టి రాయి పగుళ్లలో తుప్పులా పట్టుకుంటుంది, అది ఉన్నంతసేపు ఏ నూనెలో వేసినా రాయి కనబడుతుంది, మీరు వజ్రమనుకుంటారు. బాగా ఆరాక, అడుగు చదునుగా ఉన్న చిన్న గాజు గిన్నెలో రాయి మునిగేంత నూనె పోయండి. శెనక్కాయ విత్తనమంత రాయికి 5 మిల్లీలీటర్లు సరిపోతుంది. ప్లాస్టిక్ డబ్బా వద్దు, లవంగ నూనె కొన్ని రకాల ప్లాస్టిక్‌ను తినేస్తుంది. రాయిని పట్టకారుతో పట్టి ఏటవాలుగా దించితే బుడగలు పట్టవు. పట్టిన బుడగలను సూదితో తోలేయండి. బుడగ వెండిలా మెరిసి మోసం చేస్తుంది, ఎందుకంటే నూనెకూ గాలికీ తేడా చాలా ఎక్కువ.

పక్కనే పోల్చుకోడానికి పగిలిన సీసా గాజు ముక్క ఒకటి, పొలంలో ఏరిన మామూలు పలుగు ముక్క ఒకటి వేయండి. అవి రెండూ మాసిపోవాలి. మీ పసుపు రాయి పలుగే అయితే రంగు ఒక మరకలా నూనెలో తేలుతుంది, అంచులు మాత్రం దొరకవు. మూడోదాని మసక మీద కన్ను వేసి ఉంచండి. బాత్‌రూం కిటికీ గరుకు గాజు తడిస్తే ఆవలివైపు కనబడుతుంది కదా, ఏట్లో దొర్లి అరిగిన పలుగురాయి కూడా లవంగ నూనెలో అలాగే తేటపడిపోతుంది. వజ్రం తేటపడదు, ఆ మసక అలాగే నిలిచి ఉంటుంది. లెక్క ప్రకారం లవంగ నూనెలో మునిగిన వజ్రం ఇంకా నూటికి 5 పాళ్లు వెలుగు తిప్పికొడుతుంది, ఆరుబయట ఉన్న పలుగు కన్నా ఒక పిసరు ఎక్కువే.

కంటికి అనుమానంగా ఉంటే నీడ చూడండి. గిన్నెను రెండు పుస్తకాల మధ్య అంగుళం ఎత్తులో పెట్టి, కింద తెల్ల కాగితం పరవండి. గది చీకటి చేసి, అడుగున్నర పైనుంచి సెల్‌ఫోన్ టార్చి ఒక్కటే వేయండి. నూనె కన్నా గుణకం ఎక్కువ ఉన్న రాయి భూతద్దంలా వెలుగును నడిమికి లాక్కుంటుంది, కాగితం మీద దాని నీడకు చుట్టూ నల్లటి దళసరి అంచు పడుతుంది. తక్కువ ఉన్నదైతే వెలుగును బయటికి చెదరగొడుతుంది, అంచు వెలుగుగా ఉంటుంది. గాజు ముక్కకూ పలుగుకూ సన్నటి గీత పడీపడనట్టు పడుతుంది. కురువిందానికి స్పష్టమైన నల్ల అంచు. వజ్రమైతే అంచు కాదు, నడిమిన చిన్న వెలుగు చుక్క తప్ప తక్కినదంతా దాదాపు నల్లని మచ్చే.

ఈ పరీక్షతో ఎంతవరకు చెప్పొచ్చో కూడా తెలుసుకోవాలి. నూనెలో మాయమైతే వజ్రం కాదని ఖాయం. మాయం కాకపోతే వజ్రమని ఖాయం కాదు. పుష్యరాగం, కురువిందం, జిర్కాన్, స్పినెల్ అనే రత్నాలు కూడా మాయం కావు. అనంతపురం జిల్లాలో కురువిందం కొత్త కాదు. వజ్రకరూరులో వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ రాతిలో గార్నెట్లు కూడా ఉంటాయి. అందుకే ఇంకో జల్లెడ పట్టాలి.

దానికి పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు, ఒక ల్యాప్‌టాప్ తెర చాలు. అలాంటి తెర నుంచి వచ్చే వెలుగు తరంగాలు ఒకే తలంలో ఊగుతుంటాయి, కళ్లద్దాలు కూడా ఒకే తలంలో ఊగేవాటినే దాటనిస్తాయి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, కళ్లద్దం చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక చోట తెర నల్లబడుతుంది. అక్కడే ఆపండి. కొన్ని సెల్‌ఫోన్ తెరలు ఎంత తిప్పినా నల్లబడవు, వాటితో పని కాదు. ఇప్పుడు నూనె గిన్నెను రాయితో సహా తెరకూ కళ్లద్దానికీ మధ్య పెట్టాలి. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా వెనక్కి వాల్చి తెరను పడుకోబెట్టగలిగితే, మీద పాత గాజు పలక ఒకటి వేసి గిన్నె దాని మీద ఉంచడం తేలిక. ఈ పరీక్షకు కూడా ప్లాస్టిక్ గిన్నె పనికిరాదు, ప్లాస్టిక్ తానే రంగులు చూపిస్తుంది.

పలుగు, పుష్యరాగం, కురువిందం, జిర్కాన్ వెలుగును రెండు పాయలుగా చీల్చి, వేర్వేరు వేగాలతో పంపుతాయి. బయటికొచ్చేసరికి ఆ వెలుగు ఊగే తీరు మారిపోయి ఉంటుంది, కళ్లద్దం దాన్ని ఆపలేదు. నల్లటి తెర మీద రాయి ఒక్కటే దీపంలా వెలుగుతుంది. రాయిని చుట్టూ ఒక తిప్పు తిప్పితే నాలుగుసార్లు వెలిగి, నాలుగుసార్లు ఆరుతుంది. ఇంత మందం పలుగైతే రంగుల కన్నా తెల్లని వెలుగే ఎక్కువ, పలచని అంచుల్లో రంగులు రావచ్చు. ఒక దిక్కు నుంచి చూస్తే మాత్రం పలుగు కూడా వెలగదు, కాబట్టి రాయిని కనీసం మూడు దిక్కులకు పొర్లించి చూడండి. వజ్రం వెలుగును చీల్చదు. ఎటు తిప్పినా నల్లగానే ఉంటుంది, లేదా లోపల నలిగిన చోట్ల బూడిద రంగు మచ్చలు అక్కడక్కడా మినుకుమంటాయి. గాజు, గార్నెట్, స్పినెల్ కూడా ఇలాగే నల్లగా ఉంటాయి. గాజును నూనె ముందే పట్టించింది. గార్నెట్ ఎక్కువగా ఎరుపు. స్పినెల్ ఒక్కటే తగువు తెస్తుంది, దాని ఎనిమిది ముఖాల ఆకారం కూడా వజ్రం లాంటిదే.

చివరిది తూకం. కంసాలి దగ్గర మిల్లీగ్రాము చూపే కాటా ఉంటే అడగండి, 0.01 గ్రాము కాటాతో ఇంత చిన్న రాళ్లకు లాభం లేదు. ముందు రాయిని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత కాటా మీద చిన్న గ్లాసుతో నీళ్లు పెట్టి అంకెను సున్నా చేయండి. రాయికి సన్నటి దారం కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. అప్పుడు కాటా చూపే అంకె రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. పొడి బరువును దానితో భాగిస్తే సాంద్రత. ఉదాహరణకు పొడి బరువు 0.840 గ్రాములు అనుకుందాం. వేలాడదీసినప్పుడు 0.317 వస్తే సాంద్రత 2.65, అది పలుగు. 0.239 వస్తే 3.51, వజ్రం లెక్కకు సరిపోతుంది. వజ్రానిది 3.52. ఒక మిల్లీమీటరు బుడగ పట్టుకున్నా అర మిల్లీగ్రాము తేడా వస్తుంది, అందుకే నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేయడం మంచిది. తమాషా ఏంటంటే పుష్యరాగం సాంద్రత కూడా 3.5 చుట్టుపక్కలే. తూకం ఒక్కటే నమ్ముకున్నవాళ్లు దానితో మోసపోతారు. మీరు మోసపోరు, కళ్లద్దాల దగ్గరే అది వెలిగి బయటపడి ఉంటుంది.

ఊర్లో చెప్పే మిగతా పరీక్షల మీద ఎక్కువ మాటలు అనవసరం. అద్దం మీద గీస్తే గీత పడిందంటారు, పలుగు కూడా అద్దాన్ని గీస్తుంది. నాపరాయి మీద గీత పడటం అసలు పరీక్షే కాదు, దాన్ని గాజు కూడా గీస్తుంది. రాయి కింద పేపరు పెట్టి అక్షరాలు కనబడకపోతే వజ్రమనేది సానపట్టిన రాళ్ల సంగతి. పచ్చి వజ్రం చదునుగా ఉంటే అక్షరాలు కనబడొచ్చు. సుత్తితో కొట్టడం మాత్రం దయచేసి చేయకండి. వజ్రం గీతకు లొంగదు కానీ దెబ్బకు నాలుగు దిక్కుల్లో సులువుగా చీలుతుంది. నిజమైన వజ్రాన్ని నిజమా కాదా అని పగలగొట్టుకోవడం కన్నా దండగ పని ఉండదు.

మీ ఉత్తరంలో అడగకపోయినా ఒక సంగతి. పొలంలో మెరిసే రాళ్ల వెంట పడటం వల్లే చాలామంది పొద్దు వృథా అవుతోంది. దుకాణంలో వజ్రం తళుక్కుమనడానికి కారణం సాన. వజ్రం లోపల పడ్డ వెలుగు, ముఖానికి నిట్టనిలువుగా ఉండే దారి నుంచి 24.4 డిగ్రీల కన్నా ఎక్కువ వాలి తగిలితే బయటికి పోలేక లోపలికే తిరుగుతుంది. గాజులో ఈ హద్దు 41 డిగ్రీలు. సానపట్టేవాడు కింది ముఖాలను దాదాపు 41 డిగ్రీల వాలులో కోస్తాడు. పైనుంచి దిగిన వెలుగు ఆ ముఖాల మీద రెండుసార్లు తిరిగి మళ్లీ పైకే వస్తుంది, దారిలో ఎరుపు, నీలం విడిపోయి రంగులు చిమ్ముతుంది. పొలంలో దొరికే వజ్రానికి ఆ ముఖాలు లేవు. ఏళ్ల తరబడి దొర్లి, మూలలు అరిగి, మీద మసక పట్టి, నూనె చెయ్యి తగిలినట్టు ఒక జిడ్డు మెరుపు మాత్రమే ఉంటుంది. ఎండలో జిగేలుమనేవి పలుగు పగుళ్లు, కాకిబంగారం రేకులు.

మూడో రాయి నూనెలో నిలబడి, కళ్లద్దాల ముందు వెలగకుండా, తూకంలో సాంద్రత 3.4కూ 3.6కూ మధ్య వస్తే, కొనేవాళ్ల దగ్గరికి కాక ముందు రత్నాలు పరీక్షించే ల్యాబుకు పోండి. స్పినెల్ తగువు అక్కడ నిమిషాల్లో తీరుతుంది. రాతి మీద లేజర్ వేస్తే వెనక్కి వచ్చే వెలుగులో కొంత, ఆ పదార్థానికి తగ్గట్టు తరంగదైర్ఘ్యం మార్చుకుని వస్తుంది. సి.వి.రామన్ 1928లో కనిపెట్టింది ఈ మార్పునే. వజ్రానికి ఆ మార్పు యంత్రంలో 1332 అనే అంకె దగ్గర పడుతుంది, వేరే రాయికి అక్కడ ఆ రూపంలో పడదు. రాయి మీద ఏ గీతా పడకుండానే పని అయిపోతుంది.

ల్యాబుకు పంపేముందు లవంగ నూనెను స్పిరిట్‌తో తుడిచి, సబ్బు నీళ్లతో కడగండి. నూనెలో రాత్రంతా వదిలేయొద్దు, పగుళ్లలోకి ఇంకితే మళ్లీ తీయడం కష్టం. మిల్లీగ్రాముల వరకు బరువు రాసిన చీటీ పక్కన పెట్టి, నాలుగు దిక్కులా ఫొటోలు తీసుకోండి. ల్యాబులోనైనా, కొనేవాడి దగ్గరైనా ఆ బరువు మీ కళ్ల ముందే తూయించి రసీదులో రాయించండి. 0.840 గ్రాములంటే 4.20 క్యారట్లు, క్యారట్‌కు 0.2 గ్రాములు. ఇరవై వేలు ఇస్తానన్నాయన అంతవరకు ఆగలేనంటే, మొదటి రెండు రాళ్లకు ఎంతిస్తాడో అడిగి చూడండి.